అమ్మ దవడ నొప్పి

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో మేము కూర్మన్నపాలెంలో అద్దెకుండేవాళ్లం. నాన్న అక్కడ వెల్డరు. నేను ఇంటర్ చదువుతున్నాను.

ఒక ఆదివారం నాన్న పెళ్లి భోజనం చేసొచ్చి, గుండెల మీద చెయ్యేసుకుని మంట, మంట అంటూ కూలబడ్డాడు. అమ్మ అరుపులకి వీధంతా వచ్చేసింది. ఎవరో ఆటో తెచ్చారు. ఆసుపత్రిలో ఈసీజీ తీసి, గుండె బాగానే ఉంది, కడుపులో పులుపు పైకి తన్నుతోందని తేల్చారు. నాన్న సిగ్గుపడిపోయాడు.

"సిగ్గెందుకు? గ్యాసో గుండెపోటో ఇంట్లో కూర్చుని తేల్చలేం" అన్నారు డాక్టరుగారు. "ఛాతీ బరువుగా పట్టేసినా, నొప్పి చేతికో దవడకో వీపుకో పాకినా, చెమటలు పోసినా, ఆయాసం వచ్చినా వెంటనే వచ్చెయ్యండి."

అమ్మ ఆ మాటలు కంఠతా పట్టింది. కుళాయి దగ్గర ఆడవాళ్లందరికీ చెప్పేది, "మీ ఆయనకి అలాగుంటే ఊరుకోకండి" అని. మీ ఆయనకి అనే చెప్పేది. మీకు అని ఎవరికీ చెప్పగా నేను వినలేదు.

ఆ వేసవిలో ఓ పొద్దున్న అమ్మ దవడ పట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది.

"ఏటమ్మా, అలాగున్నావ్?"

"పన్ను పోటే. ఈపు కూడా లాగేత్తంది. లవంగం ఎట్టుకున్నాను."

"డాక్టరు దగ్గరికి ఎల్దాం."

"పన్ను పోటుకి డాక్టరేటి? ముందు మీ నాన్నకి కేరేజీ కట్టాలి."

జాకెట్టు తడిసి ముద్దయింది. విశాఖ ఎండాకాలంలో చెమట పట్టని మనిషెవరు? నాన్న కేరేజీ అందుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఎండెక్కాక అమ్మ వాంతి చేసుకుని గోడకి జారబడింది. "గుండెల మీద ఎవరో కూకున్నట్టుందే" అంది. ఆ మాటతో నేను వీధిలోకి పరుగెత్తాను. ఆటోలో నా ఒళ్లో తల పెట్టుకుంది. గాజువాక దాటాక నా చెయ్యి పట్టుకున్న పట్టు వదిలేసింది.

ఆసుపత్రిలో చాలాసేపు ప్రయత్నించారు. బయటికొచ్చిన డాక్టరు "నొప్పి ఎప్పట్నుంచి?" అని అడిగారు. పొద్దున్నుంచి అన్నాను.

కబురందుకుని నాన్న పని బట్టలతోనే వచ్చాడు. అమ్మ పాదాలు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాకు మంటొత్తే వీధంతా లేపింది" అన్నాడు నాతో. "దానికి నొప్పొత్తే నాను కేరేజీ అట్టుకుని ఎల్లిపోనాను. అది ఒండిన కూర తినేసొచ్చానమ్మా."

ఇంటికొచ్చినవాళ్లందరూ ఏడ్చారు. కర్మకాండలు జరిగినన్ని రోజులూ నాన్న మాత్రం ఏడవలేదు.

వానలు మొదలయ్యాక ఎదురింటి అత్త ఛాతీ పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయింది. నాన్న ఎవరినీ అడక్కుండా ఆటో తెచ్చి, ఆమెనీ ఆమె భర్తనీ ఎక్కించి, తనూ వెళ్లాడు. పరీక్షలన్నీ చేసి, బిందెలు మోసి కండరం పట్టేసిందని మాత్రలిచ్చి పంపారు. ఇంటి ముందు ఆటో దిగుతూ ఆమె భర్త విసుక్కున్నాడు.

"అనవసరంగా కంగారెట్టీసావు బావా."

"అనవసరమే అవ్వాలి బావా" అన్నాడు నాన్న.

ఇంట్లోకొచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆవిడికేటీ నేదంటమ్మా" అని గోడవైపు తిరిగి, అమ్మ పోయాక మొదటిసారి, వెక్కివెక్కి ఏడ్చాడు.