786 అని రాసిన క్యాసెట్

దయ్యాలను నమ్మే మనిషిని కాదు నేను. మాది చర్చికి పోయే కుటుంబం. మా అమ్మ ఇంట్లో ఆ మాటే ఎత్తనిచ్చేది కాదు. దానికి తోడు నా ఉద్యోగం. కంచన్‌బాగ్‌లో ఒక సర్కారీ కర్మాగారంలో కొలిమి వేడి చూపించే మీటర్లను సరిచూసే పని. ముల్లు కదిలిందంటే వెనకాల ఏదో ఒక కారణం ఉండాలి. తీగ వదులవడమో, తడి తగలడమో, ఎవరో చెయ్యి పెట్టడమో. ఆ కారణం దొరికేదాకా నాకు అన్నం సహించేది కాదు. అలాంటి నాకే ఇది జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఎనభైల మధ్య మాట. బార్కస్ దాటి కంచన్‌బాగ్ వైపు వచ్చే ఒక సందులో మాకు రెండు గదుల కిరాయి ఇల్లు ఉండేది. నేనూ నా భార్య శాంతా ఇద్దరమే. మా పక్కింట్లో జైనబ్ ఆపా, ఆమె మరుదులు, తోటికోడళ్ళు అంతా కలిసి ఉండేవాళ్ళు. ఆమె భర్త సలీం భాయ్ సౌదీలో లారీ నడిపేవాడు. పిల్లలు లేరు. ఆపా పుట్టిల్లు పాలమూరు దిక్కు కాబట్టి మాతో తెలుగే మాట్లాడేది. మాకు ఆమె ఆపా, అంటే అక్క. నన్ను తమ్మీ అనేది, శాంతను చెల్లె అనేది.

నాకు కంప్యూటర్ తెచ్చిపెట్టింది సలీం భాయే. ఒకసారి సెలవుకు వస్తూ కంబళిలో చుట్టి తెచ్చాడు. బడిపిల్లల పలకంత ఉంటుంది, రబ్బరు మీటలు. టీవీకి తగిలిస్తే అక్షరాలు వస్తాయి. ప్రోగ్రాములు దాచుకోవడానికి మామూలు టేప్ రికార్డరే. పాటలు రికార్డు చేసుకున్నట్టు ప్రోగ్రామును క్యాసెట్ మీదికి ఎక్కించాలి. మళ్ళీ కావాలంటే ఆ క్యాసెట్ వేయాలి. అప్పుడు రేకు మీద మేకుతో గీసినట్టు ఒక కూత వస్తుంది. కంప్యూటర్‌కు ఆ కూతే భాష. శాంత దాన్ని నా రెండో పెళ్ళాం అనేది. అది నోరు తెరిస్తే చాలు, తను వంటింట్లోకి వెళ్ళిపోయేది.

నాకు కాస్త పద్ధతి పిచ్చి. మా టేప్ రికార్డర్ మీద మూడంకెలు తిరిగే చిన్న మీటరు ఉండేది. ఏ ప్రోగ్రాము ఏ అంకె దగ్గర మొదలవుతుందో ఆ అంకెను క్యాసెట్ మీద రాసేవాణ్ణి. 214, 530, అట్లా. వేరే అక్షరం ఒక్కటి ఉండదు. అది నా ఒక్కడికే అర్థమయ్యే ఏర్పాటు. దాని మీద నాకు గర్వం కూడా ఉండేదని ఒప్పుకోవాలి.

మా సందులో క్యాసెట్లకు ఇంకో పని ఉండేది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఉత్తరాల బదులు మాటలు రికార్డు చేసి, ఊరికి వచ్చే ఎవరి చేతనో పంపేవాళ్ళు. చదువు రాని ఆడవాళ్ళకు అదే జాబు. సలీం భాయ్ క్యాసెట్ వచ్చిందంటే పక్కింట్లో మధ్యాహ్నమంతా ఆయన గొంతే. గోడ ఇవతల మాకు కూడా నవ్వు వచ్చేది.

చివరిసారి ఆయన సెలవుకు వచ్చినప్పుడు మాత్రం ఇల్లు సరిగ్గా లేదు. ఇక పోనని ఆపాకు మాటిచ్చి, మళ్ళీ రెండేళ్ళకు ఒప్పుకున్నాడు. ఆమె అలిగింది. పెట్టె ఎత్తుకుని బయల్దేరిన రోజు గడప దాకా కూడా రాలేదు.

వెళ్ళిన ఎనిమిదో నెలలో లారీ తిరగబడి సలీం భాయ్ పోయాడు. అక్కడే పూడ్చేశారు. ఇంటికి ఏమీ రాలేదు. కబురు వచ్చిన పదిహేను రోజులకు, చేతులు మారి మారి ఒక క్యాసెట్ వచ్చింది. పోవడానికి ముందు ఆయన పంపింది.

భర్త పోయాక వాళ్ళలో ఆడవాళ్ళు నాలుగు నెలల పది రోజులు బయటికి రారు. ఇద్దత్ అంటారు. ఆ రోజుల్లో చూడటానికి వెళ్ళిన శాంత చేతిలో ఆపా ఆ క్యాసెట్ పెట్టింది.

"చెల్లె, గిది నీ దగ్గరుంచు. ఈడుంటే ఇంటిల్లిపాది కూసొని ఇంటరు. గాయన నాతోని మాట్లాడిండు. ముందుగాల నేనొక్కదాన్నే ఇనాలె. నా మీద కోపం పోయిందో లేదో గదాంట్లనే ఉంటది. ఇద్దత్ అయిపోంగనే మీ ఇంటికే వస్త."

శాంత తెచ్చి నా బిస్కెట్ డబ్బాలో పెట్టింది. మా ఇంట్లో క్యాసెట్ల చోటు అదే. నాకు చెప్పింది కూడా. నేను ఏదో మీట నొక్కుతూ "ఊఁ" అన్నాను.

మూడు నెలలు గడిచాయి. ఈలోగా నాకు పూనకం వచ్చింది. ఎవరో అమ్ముకుంటుంటే ఫ్లాపీ డ్రైవ్ కొన్నాను. కంప్యూటర్ విప్పి, జ్ఞాపకశక్తి పెంచే చిప్పులు నేనే టంకం పెట్టి అతికించాను. జుమ్మేరాత్ బజార్ నుంచి పాత బల్ల తెచ్చి ముందుగది మొత్తం మార్చేశాను. టీవీ బల్ల మీదికి, డ్రైవ్ దాని పక్కకి, తీగలన్నీ వెనకాల ఒకే కట్టగా. మంచం వంటింటి గోడ వైపు జరిగింది. పీటకు చోటు లేక శాంత వారం రోజులు నిలబడే కూరగాయలు తరిగింది.

క్యాసెట్ల వంతు వచ్చింది. ప్రోగ్రాములన్నీ ఫ్లాపీల మీదికి మార్చాను. కానీ ఫ్లాపీల మీద నమ్మకం కుదరలేదు. అన్నిటినీ కలిపి ఒక మంచి క్యాసెట్ మీద కూడా ఉంచుదామని డబ్బా వెతికాను. అడుగున ఖరీదైన క్యాసెట్ ఒకటి కనిపించింది. పైన అంకె మాత్రమే ఉంది. 786.

తొంభై నిమిషాల టేప్ కదా, మీటరు అంతదాకా తిరుగుతుంది అనుకున్నాను. నా అంకే అనుకున్నాను. పాతబస్తీలో పుట్టిన మనిషిని. ఆటోల నెత్తిన, హోటళ్ళ గల్లా మీద, పెళ్ళి కార్డుల పైన ఆ అంకె చూడని రోజు లేదు. అల్లా పేరుకు బదులు రాసుకుంటారని చిన్నప్పటి నుంచీ తెలుసు. జాబు రాసేవాడు పైన రాసుకున్నట్టు సలీం భాయ్ కూడా రాశాడు. ఆ రోజు నా కంటికి అది టేప్ మీటరు అంకెలా కనబడింది.

చేసిన పనంతా చెప్తాను, ఎందుకంటే లెక్క అక్కడే తప్పుతుంది. క్యాసెట్ వెనక చిన్న ప్లాస్టిక్ బిళ్ళ విరిచేస్తే రికార్డు మీట పడదు. అది విరిచి లేదు. ముందు రెండు వైపులా ఖాళీ రికార్డింగ్ నడిపి పూర్తిగా తుడిచాను. అదీ నా పద్ధతే. తర్వాత మొదటి వైపు ప్రోగ్రాములన్నీ వరుసగా ఎక్కించాను. ఒక్కొక్కటి సరిగ్గా పడిందో లేదో కంప్యూటర్‌తోనే సరిచూసుకున్నాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ సాయంత్రం గది చూసుకుని నాకు ఎంత సంతోషమైందో.

ఇంకో మూడు వారాలకు ఒక శనివారం శాంత అంది, "రేపు ఆపా వస్తదట. క్యాసెట్ తీసిపెట్టు."

"ఏ క్యాసెట్?" అన్నాను. అడుగుతుండగానే 786 గుర్తొచ్చింది.

రెండు వైపులా వేసి, స్పీకర్‌కు చెవి ఆనించి విన్నాను. ఒకవైపు కూత, రెండోవైపు బుస్సుమనే ఖాళీ. మనిషి గొంతు ఆనవాలు కూడా లేదు. ఆమె ఒక్కసారి కూడా వినని మాటలు. ఇంకెక్కడా లేని మాటలు. నేను ఏడ్చాను, సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి.

శాంత నన్ను తిట్టలేదు. "రాంగనే నిజం చెప్పు. ఆమె కొట్టినా పడు" అంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తినకుండా కూర్చున్నాం. మధ్యాహ్నం రెండు గంటలకు ఆపా వచ్చింది. తెల్లచీర, చిక్కిపోయిన ముఖం. అన్ని రోజుల తర్వాత ఆమె దాటిన మొదటి గడప మాదే. బల్ల ముందు కుర్చీలో కూర్చుని, "పెట్టు తమ్మీ" అంది.

"ఆపా, ఒక మాట..." అన్నాను.

"తర్వాత చెప్పు. ముందు పెట్టు."

ఎంత పిరికివాణ్ణో ఆ రోజు తెలిసింది. మీట నొక్కాను.

కూత మొదలైంది. ఆపడానికి చెయ్యి చాపాను. ఆపా ఒకసారి నా వైపు చూసి, అరచెయ్యి ఎత్తి, ఉండమన్నట్టు చూపించింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆమె వింది. అరగంటకు పైగా, కూతలన్నీ అయిపోయేదాకా. నేనూ శాంతా గోడకు ఆనుకుని నిలబడ్డాం. మా ఇద్దరికీ వినిపించింది కూత ఒక్కటే. చాలాసేపు ఆమె ముఖంలో ఏమీ లేదు. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకసారి నవ్వింది. ఒకసారి "హౌ" అని, అవునన్నట్టు జవాబు చెప్పింది. చివర్లో చెయ్యి చాపి, అరచెయ్యి పైకి తిప్పి, అట్లాగే కాసేపు ఉంచింది. నా వల్ల ఈమెకు మతి పోయింది దేవుడా అనుకున్నాను.

టేప్ ఆగాక కళ్ళు తుడుచుకుంది. "కోపం లేదంటుండు చెల్లె" అని శాంతతో చెప్పింది. "నేను గడప కాడికి రాకపోతె, సందు మలుపు దాక ఎనకకు జూసుకుంటనే పోయిండంట. ఆడ వాన పడుతుందంట. నాకు ఇనిపించిండు వాన."

క్యాసెట్ తీసుకుపోతానంది. కాసేపట్లో ఇస్తానని చెప్పి, ఆమె వెళ్ళగానే కంప్యూటర్‌కు తగిలించి చూశాను. మొదటి ప్రోగ్రాము నుంచి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా ఎక్కాయి. టేప్ మీద పాత గొంతు ఏ కొంచెం మిగిలి ఉన్నా అది ఎక్కేది కాదు. ఈ విషయంలో నాకు అనుమానం లేదు.

దుఃఖంలో ఉన్న మనిషి, విందామనుకున్నదే వింది అని సర్దిచెప్పుకున్నాను. బుర్ర ఉన్నవాడెవడైనా అదే అంటాడు. వాన ఒక్కటే నాకు మింగుడుపడలేదు. సౌదీ అనగానే ఎవరికి వాన గుర్తొస్తుంది?

ఆరు నెలల తర్వాత ఒక పొద్దున, సలీం భాయ్ ఇల్లెక్కడని అడుగుతూ ఒకాయన మా తలుపు తట్టాడు. పేరు రహీం. అక్కడ సలీం భాయ్ గదిలోనే ఉండేవాడట. సౌదీ పోయింది మొదలు ఇదే మొదటి సెలవు. విమానం దిగిన రెండో రోజు. ఆపాను ఇంకా చూడలేదు, ఆమె ఇంటివాళ్ళెవరినీ కలవలేదు. కావాలనే ఆయన్ను మా గదిలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఆ క్యాసెట్ సంగతి తెలుసా అని అడిగాను. నా నుంచి వేరే ముక్క బయటికి రానివ్వలేదు.

"నేను పక్కనే ఉన్న భాయ్" అన్నాడు. "గదిలో లొల్లి ఎక్కువని లారీల కూసొని రికార్డు చేసిండు. పెండ్లాం గడప కాడికి రాలేదని, మలుపు దాక తిరిగి తిరిగి జూసిన అని చెప్పుకుంటనే ఉన్నడు. అంతల వాన పడ్డది. ఏడాదికొక్కసారి పడ్తదో లేదో ఆడ. రికార్డర్ కిటికీలకెల్లి బయట పెట్టి, ఇను, ఇను అని నవ్విండు. తడిస్తే ఖరాబైతదిరా అంటే ఇన్లేదు."

శాంత చేతిలోని పళ్ళెం కింద పడింది. నా వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. భయం కాదది. చర్చిలో పాట మధ్యలో ఒక్కోసారి పాడటం మానేసి వింటూ ఉండిపోతాం చూడండి, ఆ స్థితి. నా శుభ్రమైన బల్ల, తీగల కట్ట, అంకెలు రాసుకున్న డబ్బాలు నా కళ్ళ ముందే ఉన్నాయి. వాటి మధ్య నుంచే ఏదో వచ్చి వెళ్ళింది, నాకు వినబడకుండా.

రహీం వెళ్ళిన సాయంత్రం నేను ఆపా దగ్గరికి పోయాను. ఇక దాచడం నా వల్ల కాలేదు. అంకె పొరపాటు, తుడిచేయడం, కూత, అన్నీ చెప్పి కాళ్ళు పట్టుకున్నాను.

"నాకెరుకే తమ్మీ" అంది. "ఆ దినం కూత నాకు గూడ ఇనబడ్డది. నీ మొఖం జూసి అర్థం చేసుకున్న."

"మరి అంతసేపు ఎందుకు కూసున్నవ్ ఆపా?"

"నేను లేస్తె నువ్వు బతుకుతుంటివా? ఇన్నట్టు జర సేపు కూసుంట, తమ్మీ పానం నిమ్మలమైతది అనుకున్న. మస్తు సేపు కూతనే ఉండె. గటెన్క గాయన గొంతొచ్చింది."

అది ఎట్లా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తన భర్త చివరి మాటలు తుడిచేసిన మనిషి పరువు కాపాడటానికి, ఆమె ఆ కూత ముందు కదలకుండా కూర్చుందని మాత్రం తెలుసు.