వంత పాడే సందు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఉగాది ఇంకా నెల ఉందనగా, నన్ను కర్నూలు నుంచి కడపకు బదిలీ చేశారు. రేడియోలో నా హోదా ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్. కళాకారులను ఎంచుకోవడం, ఒప్పంద పత్రం పంపడం, దగ్గరుండి రికార్డింగు చేయించి ప్రసారానికి అప్పగించడం మా పని. మీటల జోలికి మేం పోకూడదు. అది ఇంజినీర్ల రాజ్యం.

శ్రీరామనవమికి చెక్కభజన కావాలన్నారు. నేను ఇంకెవరి పేరూ ఆలోచించలేదు. ఒంటిమిట్టకు దగ్గరలో ఒక చేనేత ఊరుంది. అక్కడి నాగప్ప మేళాన్ని ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి రికార్డు చేశాను. చరణం చివరికొచ్చేసరికి నాగప్ప ఆగిపోయేవాడు. చెక్కలూ ఆగేవి. ఆ సందులో వీధి వీధంతా వంత అందుకునేది. మగ్గం గుంటలో కూర్చున్నవాళ్లు, అరుగుల మీద కండెలు చుడుతున్న ఆడవాళ్లు, ఒకరని కాదు. ఆ టేపును తర్వాత చెరిపి మరో కార్యక్రమానికి వాడేశారు. అప్పట్లో టేపులకు కరువు. ఆ వంత ఇంకొక్కసారి వినాలని నాకు ఏళ్లుగా ఆశ.

స్టూడియోకు పిలిపిస్తే సులువే. కానీ జనం లేని చెక్కభజన ఉప్పులేని పప్పు. పై అధికారి అనుమతి తీసుకుని వీధిలోనే ఏర్పాటు చేయించాను. చప్పుడు పడకుండా సాయంత్రం మగ్గాలు ఆపించాం. ఇంజినీరు మేళానికి మైకులు పెట్టి, ఒకటి మాత్రం జనం వైపు తిప్పాడు. నాకు కావలసింది ఆ మైకే.

చెక్కలతో పాటు ఆటోలోంచి కీబోర్డు, రిథమ్ ప్యాడ్లు కూడా దిగాయి. పాట జోరుగా ఉంది. అబద్ధమెందుకు, నా కాలూ ఆడింది. అయితే నాగప్ప ఆగాల్సిన చోట కీబోర్డు దూరి మొత్తం నింపేసింది. జనం మైకు మీటరులో చప్పట్లు తప్ప ఏమీ కనపడలేదు.

పాట అయ్యాక లక్షుమ్మ ముందుకొచ్చింది. కోడలిగా ఈ వీధికి వచ్చినప్పటి నుంచి ఈ మేళం ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరికి వెళ్లిన నేతగత్తె.

“పాట బాగుండాది నాగప్పా. మేం వంత పాడేదానికే సందు లేకపాయ.”

నాగప్పకు కోపం రాలేదు. “పాతది పాడితే పిల్సేవాళ్లు లేరక్కా. మేళం నిలబడల్ల గదా” అన్నాడు. అందులోనూ తప్పు లేదు. కొత్త వాయిద్యాలు వచ్చాకే పెళ్లిళ్లకూ జాతరలకూ పిలుపులు పెరిగాయని, అంతకుముందు మేళంలో సగంమంది బెంగుళూరు పనులకు పోవాలనుకున్నారని నాకు విడిగా చెప్పాడు. కాసేపు చెక్కలు తుడుచుకుంటూ కూర్చుని, ఇంకో టేకు ఇస్తారా అని అడిగాడు.

రెండో టేకులో కీబోర్డు ఉంది, ప్యాడ్లూ ఉన్నాయి. చరణం చివర నాగప్ప ఆగాడు. చెక్కలు ఆగాయి. కీబోర్డు అతను చేతులు పైకెత్తాడు. నేను హెడ్‌ఫోన్లు చెవులకు గట్టిగా నొక్కుకున్నాను.

లక్షుమ్మ గొంతు ఒక్కటే వచ్చింది.

చుట్టూ జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. పాడితే తమ గొంతు వీడియోలో పడుతుందని పెదవులు బిగించారు. పడుచువాళ్లకు వంత మాటలే తెలియవు. అయినా నాగప్ప ప్రతి చరణానికీ ఆగాడు. చివరి దానికి ఒక ముసలి మగగొంతు లక్షుమ్మతో కలిసింది. నేను ఇంజినీరు వైపు చూడలేదు.

పాట మధ్య నిశ్శబ్దం ఉంటే రేడియో ఆగిపోయిందని శ్రోతలు అనుకుంటారు. అందుకని ఎడిటింగులో దాన్ని కత్తిరించడం మా పద్ధతి. ఈ పాటలో కత్తిరించవద్దన్నాను. ఉన్నది ఉన్నట్టే ప్రసారమైంది.

మేళం వాయిద్యం మార్చుకోవచ్చు, నడక మార్చుకోవచ్చు, బతకాలి కదా. వినేవాళ్లకు పాటలో ఒక చోటు ఉంటుంది, దాన్ని మూసే హక్కు మాత్రం మేళానికి లేదని ఆ సాయంత్రం తెలుసుకున్నాను. మూసినా మళ్లీ తెరవొచ్చు. నాగప్ప తెరిచాడు కూడా. అందుకోవడానికి అప్పటికి ఇద్దరే మిగిలారు.