కారు ఫ్యాను నేనే బాగు చేశాను

మొన్న సోమవారం మా ఆవిడ సునంద బ్యాంకు మేనేజరుగా కొత్త బ్రాంచిలో చేరింది. చేరడం బాగానే చేరింది, కాకపోతే గేటు దాకా కారు తోసుకుంటూ వెళ్ళింది. కారు పాడైపోయి కాదండీ. నేను బాగు చేసి.

శనివారం నుంచి చెప్పాలి. ఇద్దరం కూరగాయలు తీసుకుని వస్తుంటే మా ఊళ్ళోని పాండేసర బట్టల మిల్లుల దగ్గర అప్పుడే షిఫ్టు వదిలారు. రోడ్డంతా సైకిళ్ళు. కారు కదలదు, టెంపరేచర్ ముల్లు మాత్రం పైకి కదులుతోంది. పక్కకి ఆపి బానెట్ ఎత్తితే రేడియేటర్ ఫ్యాను ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. ఇంజిను చల్లబడేదాకా ఆగి మెల్లగా ఇల్లు చేరాం.

ఎదురింటి గుజరాతీ బట్టల వ్యాపారి జిగ్నేశ్‌భాయ్‌కి సంగతి చెబితే, "రావ్‌భాయ్, చింతా నా కరో. మేరా మెకానిక్ హై నా, సండే కో భీ ఆయేగా" అన్నాడు.

సునంద కూడా అదే పాట. "ఏమండీ, సోమవారం పదింటికల్లా నేను కిమ్ బ్రాంచిలో ఉండాలి. మేనేజరుగా మొదటి రోజు. స్టాఫంతా గేటు దగ్గరే ఎదురుచూస్తుంటారు. ఆయన మెకానిక్‌నే పిలవండి."

నాకు రోషం వచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా రైల్వే సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. నా ఉద్యోగమే ఫాల్ట్ వెతకడం. కిలోమీటర్ల కొద్దీ కేబుల్‌లో ఎక్కడ తెగిందో పట్టుకునేవాణ్ణి, మూరెడు వైరున్న కారు కోసం మెకానిక్‌ని పిలవాలా? "నేను చూస్తాలే" అన్నాను. సునంద కూరగాయల సంచి అందుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ అలా వెళ్ళిపోతే దాని అర్థమేమిటో ఇన్నేళ్ళ కాపురంలో నాకు తెలిసి ఉండాల్సింది.

ఆదివారం పొద్దున్నే మల్టీమీటర్ పట్టుకుని పార్కింగ్‌లోకి దిగాను. బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఫ్యానుకి ఇచ్చాను. గిర్రున తిరిగింది. అంటే మోటారు మంచిదే. ఫ్యూజు చూశాను, మంచిదే. ఫ్యానుకి కరెంటు అందించే రిలే ఊడబీకి చూస్తే దాని కాళ్ళకి పచ్చటి చిలుము పట్టి ఉంది. దొరికావురా అనుకున్నాను. సాండ్‌పేపర్‌తో శుభ్రంగా గీకి మళ్ళీ పెట్టాను. పావుగంట పని.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. చేసే పని సగం చేసి వదలడం నాకు చేతకాదు. ఒకచోట చిలుముంటే ఇంకోచోట ఉండదా అని, ఇంజిను పక్కనున్న టెంపరేచర్ సెన్సర్ ప్లగ్గు కూడా పీకాను. సరిగ్గా అప్పుడే పైనుంచి సునంద పిలుపు.

"ఏమండీ, పెసరట్టు చల్లారిపోతోంది."

వెళ్ళాను. రెండు తిన్నాను. మూడోది కూడా తిన్నాను. కిందికొచ్చి తాళం తిప్పగానే ఫ్యాను అందుకుంది చూడండీ, పార్కింగంతా హోరు. జిగ్నేశ్‌భాయ్ పరిగెత్తుకొచ్చాడు. నేను బానెట్ దించి చేతులు దులుపుకున్నాను.

"ఇంజన్ తో ఠండా హై, ఫిర్ ఫ్యాన్ క్యోం చల్ రహా హై?" అన్నాడాయన.

చల్లటి ఇంజినుకి ఫ్యాను ఎందుకు? మంచి ప్రశ్న. సిగ్నల్ వాడు అడగాల్సిన ప్రశ్న. బట్టల వ్యాపారి అడిగాడు. "సాఫ్ కియా నా, అబ్ ఫుల్ ఫామ్ మే హై" అని చెప్పి ఇంట్లోకెళ్ళి కాఫీ తాగాను.

సోమవారం ఎనిమిదింటికే బయల్దేరాం. సునంద కొత్త పట్టుచీర కట్టుకుంది. దారిపొడుగునా ఫ్యాను హోరు.

"ఈ పసుపు లైటేమిటండీ?" అంది డాష్‌బోర్డ్ చూపిస్తూ.

"రిపేరయ్యాక కాసేపు ఉంటుందది."

"పెట్రోలు వాసన వస్తోంది."

"ముందు లారీది. నువ్వు ముల్లు చూడు. కింది నుంచి లేస్తేనా!"

నిజంగానే లేవలేదు. అంత బాగా చేశానని నాకే ముచ్చటేసింది. కిమ్ చేరేసరికి తొమ్మిదింబావు. బ్రాంచి ఇంకో మూడొందల అడుగులుందనగా, టైముంది కదా అని టీ కొట్టు దగ్గర ఆపింది నేనే. వద్దంది ఆవిడ. తాగి వచ్చి తాళం తిప్పితే ఫ్యాను తిరిగింది, ఇంజిను తిరగలేదు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ తిప్పాను. చివరికి బ్యాటరీ కూడా మూలిగి ఊరుకుంది. తొమ్మిదీ నలభై అయింది.

"రెండడుగులు తోస్తే స్టార్టవుతుంది" అన్నాను. స్టీరింగ్ దగ్గర నేనుండాలి. తోయడానికి మిగిలింది ఎవరు?

మా తెలుగు విని టీ తాగుతున్న ఒకాయన లేచొచ్చాడు. రాజన్నట, జగిత్యాల వైపువాడు, కిమ్‌లోనే మగ్గాల ఫిట్టరట. "జర పక్కకు జరుగుండ్రి మేడం, నేను నూకుత" అన్నాడు. ఆవిడ జరగలేదు. కొంగు బిగించి ఆయనతో పాటు తోసింది. ఇంజిను దగ్గింది, నల్లటి పొగ వదిలింది, అంతే. రెండడుగులనుకున్నవి మూడొందలయ్యాయి. బ్యాంకు గేటు ముందు పూలగుత్తి పట్టుకుని స్టాఫ్ నిలబడి ఉన్నారు. వచ్చేది తమ మేనేజరని వాళ్ళకి అర్థమయ్యేసరికి కారు వాళ్ళ ముందే ఆగింది. సునంద చేతులు తుడుచుకుని, పూలు తీసుకుని, నా వైపు చూడకుండా లోపలికెళ్ళిపోయింది. సిగ్గుతో నేను స్టీరింగ్ మీదే తల పెట్టుకున్నాను. టైము మాత్రం పదికి ఐదు తక్కువే.

రాజన్న బానెట్ ఎత్తాడు. "సార్, గీ ప్లగ్గు ఊశి ఉన్నది. ఎవడో మెకానిక్ ఇప్పి మల్ల పెట్టుడు మర్శిండు. గసుంటోనికి మల్లోపారి బండి ఇయ్యకుండ్రి."

ఇవ్వనన్నాను.

ఇంజిను ఎంత వేడెక్కిందో కారుకి చెప్పేది ఆ ప్లగ్గే. అది లేకపోతే కారుకి ఏమీ తెలీదు, ముల్లూ కదలదు. పెట్రోలు ఎంత పొయ్యాలో తెలీక ఎక్కువ పోస్తుంది. మాడిపోతోందేమోనని ఫ్యాను ఆపకుండా తిప్పుతుంది. మా సిగ్నలూ ఇంతే, వైరు తెగితే ఎర్రదీపం వేసి బండిని ఆపేస్తుంది. ఈ పాఠం కొత్తగా చేరినవాళ్ళకి బొమ్మ గీసి మరీ చెప్పేది నేనే. ఆదివారం నుంచి కారు ప్రమాదమని మొత్తుకుంటుంటే, నేను ఫుల్ ఫామ్ అన్నాను.

ప్లగ్గు పెట్టి, రాజన్నా బ్యాంకు గార్డూ కలిసి తోస్తే స్టార్టయింది. ఫ్యాను నోరు మూసుకుంది.

"మీరేం పని చేస్తరు సార్?" అన్నాడు రాజన్న.

"రైల్వేలో క్లర్కుని" అన్నాను.

నాలుగింటికి భయపడుతూనే సునందకి ఫోన్ చేశాను, తీసుకెళ్ళడానికి ఎన్నింటికి రమ్మంటావని.

"రావద్దు. రైల్లో వస్తాను. కారు కంటే రైలే నయం మేడమ్, భయముండదు అన్నారు మా స్టాఫంతా" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఈ లైన్లో సిగ్నళ్ళు చూసేది మీరేనని మాత్రం వాళ్ళకి చెప్పలేదు."