తగ్గాల్సిన మార్కులు

ఆ రోజుల్లో మార్కులంటే పెరగాల్సినవేనన్న నమ్మకాన్ని మాకు ఉగ్గుపాలతోనే పోసేవారు. నేనూ కోడి కూయకముందే లేపి చదివించే కాలేజీ సరుకునే. అందుకే ఢిల్లీలో పసిపిల్లల గుండె ఆపరేషన్ల వార్డులో జూనియర్ డాక్టరుగా చేరినప్పుడు, తగ్గితే సంతోషించాల్సిన అంకె కూడా ఒకటుందని అలవాటు పడటానికి కొంతకాలం పట్టింది. దాని పేరు లాక్టేట్. ఒంటికి ప్రాణవాయువు సరిగా అందకపోతే రక్తంలో అది పేరుకుంటుంది. ఆపరేషన్ అయ్యాక పూటపూటకీ తగ్గుతుంటే బిడ్డ గట్టెక్కుతున్నట్టే. పెరుగుతుంటే మా అందరి మొహాలూ వేలాడేవి. కాస్త రక్తం తీసి మిషన్ దగ్గరికి పరుగెత్తడం నా పని. (మునిర్కాలో నా అద్దెగదికి నీళ్లు మోసుకోవడం రెండో పని. రెండింట్లోనూ ఒలకబోయకూడదు.)

తెలుగువాళ్లెవరొచ్చినా మాట్లాడే బాధ్యతా నాదే. అలా పరిచయమయ్యారు ఢిల్లీలోనే ఉన్న ద్వారక పేట నుంచి వచ్చిన ఓ అమ్మమ్మగారు, రిటైరైన లెక్కల టీచరు. మనవరాలికి నెల నిండలేదు, పేరు కూడా పెట్టలేదు. బాలింత ఇంట్లో ఉంది. అల్లుడు రక్తదాతల కోసం తిరుగుతున్నాడు. వార్డు బయట బెంచీ మీద ఈవిడొక్కరే. ఆపరేషన్ అయిన పొద్దున నేను మిషన్ దగ్గర్నుంచి వస్తుండగా "ఎంతొచ్చింది బాబూ?" అంటే పరుగులోనే "నాలుగండీ" అన్నాను. సాయంత్రం మళ్లీ అడిగారు. "ఎనిమిదండీ" అనేసి లోపలికి దూరిపోయాను. పాప వేళ్లు చల్లబడుతున్నాయి, అక్కడ నిలబడితే ఏడ్చేస్తానేమోనని భయం.

కాసేపటికి బయటికొస్తే వరండాలో పండగ. "ఖావో భయ్యా, హమారీ బచ్చీ కా నంబర్ బఢ్ గయా!" అంటూ, మా పిల్ల నంబరు పెరిగిందని ఆవిడ సెక్యూరిటీ భయ్యాకి బర్ఫీ పెడుతున్నారు. నా నోట్లోనూ ఒకటి కుక్కారు. "మా ఇంటి ఆడపిల్లలంతే బాబూ. మెల్లగా మొదలెట్టి అందర్నీ దాటేస్తారు."

అప్పుడే తలుపు దగ్గరికొచ్చిన మా పెద్ద డాక్టరమ్మ (చాటున ముక్తసరి మేడమ్ అనేవాళ్లం) ఉబ్బిన నా బుగ్గకేసి చూసి, "బతాయా?" అంది, ఆవిడకి చెప్పావా అని. నేను తల అడ్డంగా ఊపాను. "అభీ బతావో," ఇప్పుడే చెప్పమంది.

బర్ఫీ గొంతుకడ్డం పడింది. ఎలాగో మింగి, "అమ్మమ్మగారూ, అది తగ్గాలండీ" అన్నాను.

ఆవిడ బర్ఫీ పెట్టె మూత మెల్లగా మూశారు. "బతుకంతా పిల్లల మార్కులు పెరగాలనే మొక్కాను. ఇప్పుడు తగ్గాలని మొక్కితే ఆ దేవుడికి అర్థమవుతుందంటావా?"

"అవుతుందండీ" అన్నాను. (దేవుడి తరఫున హామీ ఇచ్చే హోదా నాకెవరిచ్చారో!) "ఘట్ జాయేగా మాతాజీ" (తగ్గిపోతుందమ్మా) అంటూ, సంగతి నన్నడిగి తెలుసుకున్న భయ్యా కూడా దణ్ణం పెట్టాడు, సగం కొరికిన బర్ఫీ చేతిలో ఉండగానే.

తగ్గలేదు. మర్నాడు మధ్యాహ్నం పాప పోయింది. నేను బయటికొచ్చినప్పుడు ఆవిడ ఎంతొచ్చిందని అడగలేదు. నా మొహం చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ అడగకపోవడమే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మొన్న మా అమ్మాయి తల వంచుకుని నా ముందు నిలబడింది. "డాడీ, మ్యాథ్స్ మే నంబర్ కమ్ హో గయే."

"తగ్గాయా? హమ్మయ్య!" అనేశాను, నోరు జారి.

"ఏమన్నారూ?" అని వంటింట్లోంచి మా ఆవిడ గర్జన. కిందికి దిగి బర్ఫీ కొనుక్కొచ్చిన ఈ నెరిసిన జుట్టు డాక్టర్ని తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. అమ్మాయి అనుమానంగానే చెయ్యి చాపింది. ముక్క పెడుతుంటే దాని వేళ్లు వెచ్చగా తగిలాయి. నాకు ఆ మార్కులు చాలు.