బాపు బొగ్గు మొహం ఫోటో

మా చిన్నప్పుడు... గోదావరిఖనిలో మా క్వార్టర్ల ముందు నల్లా దగ్గర బిందెలు లైను కట్టి నిలబడేవి. మనుషులేమో నీడ చూసుకుని ముచ్చట్లు పెట్టుకునేవాళ్లు. మా మేనమామ బొంబాయి నుంచి తెచ్చిచ్చిన చిన్న కెమెరాతో నేను తీసిన మొట్టమొదటి ఫోటో ఆ బిందెలదే...

ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. అప్పట్లో ఫోటో అంటే పెళ్లికో, పండక్కో, తలకు నూనె పెట్టి, మొహానికి పౌడరు కొట్టుకుని దిగేది. బిందెలకు ఫోటో ఏమిటని అమ్మ నెత్తి కొట్టుకుంది. రీలంతా ఇట్లాగే ఒడగొడతావా అని వారం రోజులు సాధించింది.

నేను వింటేనా... దండెం మీద ఆరేసిన మా నాన్న, అదే మా బాపు, డ్యూటీ ప్యాంటు, బొగ్గుల పొయ్యి మీద పొంగుతున్న అన్నం, అరుగు మీద నోరు తెరిచి నిద్రపోతున్న పక్కింటి అవ్వ... ఏది కనిపిస్తే అది టిక్కుమనిపించడమే. వెలుతురు పడితే రీలు పాడవుతుందని మామ బెదిరించి పోయాడు. అందుకని తోలు సంచిలో ఉన్న కెమెరాను అమ్మ పాత చీరలో చుట్టి, మళ్లీ పెట్టెలో పెట్టేదాన్ని. చంటిపిల్లకు కూడా అంత భద్రం ఉండదు!

చివరికి రీల్లో ఒక్కటే ఒక్క ఫోటో మిగిలింది. పక్కింటి అక్క తన బిడ్డకు తీయమంది. అమ్మ బతుకమ్మ పండగ దాకా ఆపమంది. నేను మాత్రం దాన్ని బాపు కోసం దాచాను... అదీ బాయి నుంచి వచ్చినప్పటి బాపు కోసం.

మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. సైరన్ మోగిన కాసేపటికి మొదటి షిఫ్టు వాళ్లంతా వచ్చేవాళ్లు. అందరూ ఒకే నలుపు. కళ్లూ పళ్లూ తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. టిఫిన్ డబ్బాను వేలికి తగిలించుకుని ఊపుకుంటూ వచ్చే నడకను బట్టి మా బాపును పట్టేసేదాన్ని. నేను ఉరుక్కుంటూ ఎదురెళ్తే, నా గౌను పాడవుతుందని చేతులు రెండూ పైకెత్తేవాడు. ఆ తర్వాత వంగి, వేలితో నా ముక్కు మీద చిన్న బొగ్గు చుక్క పెట్టేవాడు. దాన్ని పడుకునే దాకా తుడవనిచ్చేదాన్ని కాదు.

ఆ బాపు అంటే నాకు ప్రాణం. గోడ మీద పెళ్లి ఫోటోలో పౌడరు కొట్టుకుని బిగుసుకుని నిలబడ్డాయన ఎవరో నాకు తెలియనే తెలియదు.

అడిగితే బాపు ఒప్పుకోలేదు.

"బొగ్గు మొఖంతోని ఫోటో ఏంది బిడ్డా... నలుగురు నవ్వరా?" అని నేరుగా నీళ్ల కాడికి పోయేవాడు. రోజూ ఇదే వరస. పండగేమో దగ్గర పడుతోంది.

ఒకరోజు నల్లా రాలేదు. ఇంట్లో చుక్క నీళ్లు లేవు. బాపు ఆ నల్ల మొహంతోనే అరుగు మీద కూలబడ్డాడు. అమ్మ చాట తీసుకుని బయటికొచ్చి, ఆయన్ని ఎగాదిగా చూసి, పక్కింటి అక్కతో ఇక మా ఇంటికి దిష్టిబొమ్మ అక్కర్లేదంది. బాపు పగలబడి నవ్వాడు... ఆ నల్లటి మొహంలో తెల్లగా పళ్లన్నీ మెరిశాయి.

టిక్కు!

చౌరస్తాలో రహీం చాచాది ఫోటో స్టూడియో. రీలు ఇచ్చిన దగ్గర్నుంచీ బడి వదలగానే అక్కడే తచ్చాడేదాన్ని. చివరికి కవరు చేతికొచ్చింది. బిందెలు బ్రహ్మాండంగా వచ్చాయి. అమ్మకు తల సగమే వచ్చింది. అన్నిటికన్నా కింద బాపు ఫోటో... మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. చెవులూ మెడా మాత్రం నల్లగా!

అది చాచా చేసిన మర్యాద. గుర్తింపు కార్డుల ఫోటోలకు మనుషులు డ్యూటీ దిగి అట్లాగే వచ్చేస్తే, సన్న కుంచెతో తెల్ల రంగు అద్ది బొగ్గు మచ్చలు మాయం చేయడం ఆయనకు అలవాటు. బాపుకూ పాపం అదే సేవ చేశాడు.

నేను అన్నం ముట్టకుండా ఏడ్చాను. నా బాపును తుడిచేశారని ఒకటే ఏడుపు. బాపు ఆ ఫోటోను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

మర్నాడు డ్యూటీ దిగి, మొహం కడుక్కోకుండానే నన్ను సైకిలెక్కించుకున్నాడు. చౌరస్తాలో అంతమంది చూస్తుండగా, ఆ బొగ్గు మొహంతోనే స్టూడియోలోకి పోయి ఫోటో ముందు పెట్టాడు.

"చాచా, నా మొఖం కడుగకుండ తీసియ్యి. నా బిడ్డ నన్ను గిట్లనే గుర్తువడ్తది."

చాచా ఫోటోనూ బాపునూ మార్చి మార్చి చూసి నవ్వేశాడు. రంగు పడింది కాగితం మీదే, ఫిల్ము బాగానే ఉంది. ఆ ఫిల్ము నుంచే రంగు అద్దకుండా మళ్లీ తీసిచ్చిన ఫోటో చేతికొచ్చినప్పుడు నా సంతోషం చూడాలి... మా క్వార్టర్ల లైనులో ప్రతి ఇంటికీ తిప్పాను. నలుగురూ నవ్వారు. బాపు అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

బాపు రిటైరై చాలా ఏళ్లయింది. ఆ ఫోటో మా హాల్లో ఇప్పటికీ ఉంది. మొన్న మా అమ్మాయి ఫోన్లో తాతకు ఫోటో తీసింది. ఆ ఫోన్ ఎవరూ అడక్కుండానే ముడతలన్నీ చెరిపేసి, తెల్లగా చేసి చూపించింది. బాపు ఫోన్ దూరంగా పట్టుకుని కాసేపు చూసి, వెనక్కి ఇచ్చేశాడు.

"గీయన ఎవరో నాకెరుక లేదు. నా మొఖం కడుగకుండ తియ్యి బిడ్డా."

అప్పుడంటే సైకిలేసుకుని చాచా దగ్గరికి పోయాం, మా మొహం మాకు తిరిగొచ్చింది... ఇప్పుడీ ఫోన్ల కాలంలో ఎవరి దగ్గరికి పోవాలో!

మీ ఇంట్లో కూడా పౌడరు లేని ఫోటో ఒకటైనా ఉండే ఉంటుంది... తీసి కింద కామెంట్లలో పెట్టండి, చూసి మురిసిపోతాను.