మందమర్రి స్టాప్‌లో ఒడిబియ్యం

అవ్వను నేను మొదటిసారి చూసింది బస్సు ముందద్దంలోంచి. మందమర్రి స్టాప్‌లో బస్సు ఇంకా ఆగనైనా ఆగలేదు, ఒకామె స్టీలు టిఫిన్ డబ్బా పట్టుకుని రోడ్డుకు అడ్డంగా వచ్చి నిలబడింది. డ్రైవర్ బ్రేకు తొక్కి, తిట్టడానికి నోరు తెరిచి, మనిషిని గుర్తుపట్టి మూసుకున్నాడు. ఆమె బస్సెక్కి లోపలంతా కలియజూసి నా ముందు ఆగింది.

"నా బిడ్డేది?"

ఆ రోజు ఆసిఫాబాద్ బస్సులో కండక్టర్ డ్యూటీ ఆమె బిడ్డది. జ్వరం వచ్చి రాలేకపోతే నన్ను పంపారు. ఆ మాటే చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నువ్వు తిన్నవా?"

లేదన్నాను. డబ్బా నా చేతిలో పెట్టింది. "సర్వపిండి. సల్లారకముందే తిను. మూత పోగొట్టినవంటే మాత్రం ఊకోను," అని చెప్పి దిగిపోయింది. నా పేరు కూడా అడగలేదు.

ఆ బిడ్డే నేను అక్క అని పిలిచే మనిషి. మా దిక్కు అవ్వ అంటే అమ్మే. తోడబుట్టింది కాదు, కరీంనగర్ డిపోలో నాతోటి కండక్టర్. ఆమె భర్త అదే డిపోలో డ్రైవర్‌గా చేసేవాడు. పెళ్లయిన కొన్నాళ్లకే గుండె ఆగి పోయాడు. ఆయన పోయాక ఆమెకు ఈ కొలువు ఇచ్చారు. "మొగుణ్ని మింగి నౌకరీ తెచ్చుకున్నది" అనే మాట నేను డిపోలో చేరిన కొత్తలోనే విన్నాను. అన్నది ఒక ఆడమనిషే. నేను ఊరుకునే రకం కాదు. "అయితే నువ్వు గూడ మింగి చూడరాదు, ఏం నౌకరీ వస్తదో" అని అందరి ముందే అన్నాను. ఆ మాట అక్క చెవిన పడింది. మర్నాడు రెస్టు రూములో నా పక్కన వచ్చి కూర్చుని, తన డబ్బా మూత తీసి నా వైపు జరిపింది. మా స్నేహానికి అంతకంటే పెద్ద కథేమీ లేదు. ఇన్నేళ్లూ ఆ డబ్బా మీదే నడిచింది.

నా సంగతి కూడా చెప్పేస్తాను. నేను మొగుణ్ని వదిలేసినదాన్ని. మొగుడు వదిలేసినది అని ఎవరైనా అంటే అక్కడికక్కడే దిద్దుతాను. మా పుట్టింటివాళ్లకు ఈ రెండింటికీ తేడా తెలియదు. అవ్వకు తెలుసు. విన్న రోజే "మంచిగ జేసినవ్, ఇంగో ముద్ద ఏసుకో" అంది.

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం అవ్వ. ఆమె భర్త బొగ్గుబాయిలో పనిచేసేవాడు, ఆయన కాలం చేశాక ఆ కొలువు కొడుక్కు వచ్చింది. అవ్వ ఆ కొడుకు క్వార్టర్లోనే ఉంటుంది, ఎవరి మాటా పడకుండా ఉంటుంది. ఒకసారి మేం ముగ్గురం కొండగట్టు అంజన్న గుడికి పోయాం. లైను తప్పి ముందుకు దూరిన కండువా పెద్దమనిషిని అవ్వ అంగీ పట్టి వెనక్కి గుంజింది. "అంజన్నకు తొందర లేదు, నీకేం తొందర?" అంది. ఆడవాళ్లకు బస్సుల్లో చార్జీ తీసేశాక కూడా ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ చేతిలో పడితే తప్ప సీట్లో కూర్చోదు. టికెట్ లేకుండా కూర్చుంటే బిడ్డ మీదికి మాటొస్తుందట.

ఇక ఒడిబియ్యం సంగతి. మా దిక్కు పెళ్లయిన ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు పిలిచి ఒడిబియ్యం పోస్తారు. కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, పోకవక్కలు ముత్తయిదువలు వరుసగా వచ్చి ఆమె కొంగులో పోస్తారు. ఆ మూట నడుముకు కట్టుకుని ఆమె తనింటికి పోయి, వండి పదిమందికి పెడుతుంది. వెళ్లేముందు అందులోంచి దోసెడు తీసి పుట్టింటికే తిరిగిస్తుంది, ఆ ఇల్లూ చల్లగా ఉండాలని. ఎంత మంచి పద్ధతి! కానీ అది మొగుడు బతికున్నంత వరకే. మొగుడు పోతే ఆడదాని ఒడి మూసేస్తారు. ఇక ఆమె పోయించుకోవడానికీ పనికిరాదు, ఇంకొకరికి పోయడానికీ పనికిరాదు. పుట్టింటి బియ్యానికీ పోయిన మొగుడికీ ఏం సంబంధమని ఎంతమందిని అడిగానో. ఒక్కరూ చెప్పలేదు.

ఈ ఎండాకాలంలో అవ్వ చిన్నబిడ్డకు క్వార్టర్లో ఒడిబియ్యం పోశారు. అక్కా, నేనూ వెళ్లాం. ముందుగదిలో చెల్లెలికి బియ్యం పోస్తుంటే అక్క వంటింట్లో వంకాయలు కోస్తూ కూర్చుంది. ఎవరూ పొమ్మనలేదు, ఆమే పోయి కూర్చుంది. అది చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. అంతా అయ్యాక, అంతసేపూ గడప పక్కన దూరంగా కూర్చున్న అవ్వ లేచింది.

"పెద్దదాన్ని పిలువుండ్రి. దానికి గూడ పోస్త."

కోడలు మెల్లగా, "అత్తమ్మా, పిల్ల పెండ్లి పెట్టుకున్నం. మా ఇంట్ల గిసుంటియి వద్దు," అంది. కొడుకు గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు.

"నేను కన్నది చిన్నదాన్ని ఒక్కదాన్నేనా?" అంది అవ్వ.

వంటింట్లోంచి అక్క గొంతు వచ్చింది. "నాకొద్దవ్వా. నన్ను ఆగం జెయ్యకు." నేను పోయేసరికి పెరటి గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమెతో గొడవ పెట్టుకున్నాను. ఎందుకు వద్దన్నావని నిలదీశాను.

"నేను రేపు డ్యూటీ ఎక్కుత. ఆ ఇంట్ల ఉండేది అవ్వ. మాటలు పడేది అవ్వ," అంది. మంచిర్యాల దాటాక కిటికీ వైపు తిరిగి, "నాకు ఆశ లేదనుకుంటున్నవా?" అంది.

వానలు పడ్డాక అవ్వ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం చీర మీదే ఒలికిపోయేది. మందులిచ్చారు కానీ, తగ్గుతుందని ఎవరూ అనలేదు. ఒకరోజు నాకు ఫోన్ చేసింది.

"నీకు సెలవెప్పుడే?"

"బేస్తారం అవ్వా."

"కరీంనగర్ల ఒక మంచి చీర కొను. పచ్చ చీరకు ఎర్రంచుండాలె. కుడుకలు, ఖర్జూరాలు గూడ తే, గీడ కొంటే కోడలికి ఎరుకైతది. బేస్తారం పెద్దదాని బస్సుల్నే రా. దానికి చెప్పకు."

"ఇంట్ల వద్దన్నరు కద అవ్వా. ఏడ పోస్తవ్?"

"అది నాకెరుక. చెయ్యి ఇంకా నా మాట ఇంటున్నది. ఇనుడు బంద్ జేసినంక పోస్తనా?"

ఆ బేస్తారం, అంటే గురువారం పొద్దున చీర సంచితో అక్క బస్సెక్కాను. "సెలవు నాడు గూడ బస్సేనా, పిచ్చి గిట్ల పట్టిందా?" అంది. ఊరికే తిరగబుద్ధయిందన్నాను. ఆసిఫాబాద్ పోయి తిరుగు ట్రిప్పులో బయలుదేరేసరికి బస్సు కిక్కిరిసింది. దాదాపు అందరూ ఆడవాళ్లే. మందమర్రి స్టాప్‌లో అవ్వ ఎప్పటిలాగే రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా లేదు. చంకలో గుడ్డ కప్పిన స్టీలు బేసిన్ ఉంది.

ఎక్కి, బేసిన్ ఇంజన్ డబ్బా మీద పెట్టి గుడ్డ తీసింది. పసుపు బియ్యం. అక్క మొహంలో నెత్తురు లేదు.

"అవ్వా, దిగు. డ్యూటీల ఉన్న."

"డ్యూటీల ఉన్నవనే వచ్చిన. ఇంట్లకెల్లి ఉరికినవ్. ఈడికెల్లి ఏడికి ఉరుకుతవ్?"

డ్రైవర్ గొంతు సవరించుకుని, "పెద్దమ్మా, టైమైతుంది..." అన్నాడు. అవ్వ ఒక్క చూపు చూసింది. ఆయన ఇంజన్ ఆపేసి, టైర్లు చూసొస్తానని దిగాడు. టైర్లకు ఏ రోగమూ లేదు.

అవ్వ బస్సు వైపు తిరిగింది. "గీమె నా పెద్దబిడ్డ. మొగడు పోయిండు. ఇంట్ల ఒడిబియ్యం పొయ్యనియ్యలే, గీడ పోస్తున్న. ఇష్టమున్నోళ్లు రాండ్రి. లేనోళ్లు కిటికీలకెల్లి బయటికి జూడుండ్రి."

వెనక సీట్లోంచి ఎవరో, "ముందుగాల ముత్తయిదువ పొయ్యాలె కద?" అన్నారు.

అవ్వ నా భుజం పట్టి ముందుకు తోసింది. "గిది ముత్తయిదే. దీని మొగడు ఏడనో ఓకాడ బతికే ఉన్నడు."

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మనిషి వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

అక్క మాత్రం నవ్వలేదు. కమ్మీ పట్టుకుని అలాగే నిలబడింది. "తమ్ముడు నిన్నేమన్న అంటే?"

"అంటే ఇంట. ఇన్నేండ్లు నువ్వు ఇన్లేదా?"

అక్క కళ్లు మూసుకుంది. తర్వాత మెడలోంచి టికెట్ మిషన్ తీసి, భుజానున్న డబ్బుల సంచి తీసి నాకిచ్చింది. డ్యూటీలో ఉండగా ఆ సంచి ఇంకొకరి చేతికివ్వడం నేను ఎన్నడూ చూడలేదు. కొత్త చీర భుజాన కప్పాను. ఆమె యూనిఫాం ఆప్రాన్ కిందినుంచి కొంగు బయటికి లాగి రెండు చేతులా పట్టింది.

ముందు నేను, తెచ్చిన కుడుకలు, ఖర్జూరాలు కలిపి పోశాను. తర్వాత అవ్వ. ఆమె చెయ్యి వణికి సగం బియ్యం బస్సులోనే రాలాయి. ఎడమచెయ్యి ఆసరా చేసుకుని మళ్లీ పోసింది, మళ్లీ పోసింది. ఒక్కొక్కరే లేచి రావడం మొదలైంది. ఆసిఫాబాద్ అవతలి నుంచి వస్తున్న ముసలామె "గిదేం లగ్గం బాయీ?" అని అడుగుతూనే దోసిలి నింపుకుంది. కాలేజీ పిల్ల ఒకతె, నాకింకా పెండ్లే కాలేదు, పొయ్యొచ్చా అంది. "చేతులున్నయి కద," అంది అవ్వ. అందరికంటే వెనక, బొట్టు లేని ఒకామె వచ్చి బేసిన్ దగ్గర నిలబడింది కానీ చెయ్యి పెట్టలేదు. అవ్వ ఆమె మణికట్టు పట్టుకుని బియ్యంలో ముంచింది.

బేసిన్ ఖాళీ అయింది. అక్క కొంగులోంచి దోసెడు తీసి అటూ ఇటూ చూసింది. పుట్టింటికి తిరిగివ్వాల్సిన బియ్యం. ఆ బస్సులో పుట్టిల్లు ఎక్కడుంది?

"అవ్వా, కొంగు పట్టు," అంది.

అవ్వ వెనక్కి జరిగింది. అవ్వ వెనక్కి జరగడం నేను చూసింది ఆ ఒక్కసారే. "నాకేందే. నా ఒడి ఎప్పుడో మూసిండ్రు."

"నా పుట్టిల్లు నువ్వు గాక ఎవరు? పట్టు."

అవ్వ కొంగు పట్టింది. బియ్యం పడుతుంటే, కొండగట్టు పెద్దమనిషిని అంగీ పట్టి గుంజిన మనిషి వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అక్క ఒక్కతే ఏడవలేదు, నడుముకు మూట బిగించి కట్టుకుంది.

అంతలో అవ్వ ఫోన్ మోగింది. స్టాప్‌లో చూసినవాళ్లు అప్పుడే మోసుకుపోయినట్టున్నారు. లోకులు పలుగాకులని ఊరికే అనలేదు. కొడుకు గొంతు మాకందరికీ వినబడింది: "బస్సుల ఒడిబియ్యమేందే, ఇజ్జత్ దీసినవ్!"

అవ్వ కళ్లు తుడుచుకుంది. "మీ ఇంట్ల వద్దన్నరు. మీ ఇంట్ల పొయ్యలే," అని ఫోన్ పెట్టేసింది. తర్వాత డ్రైవర్ని, "టైర్లు మంచిగనే ఉన్నయి గని ఎక్కు కొడకా," అని పిలిచింది.

బస్సు కదిలేలోపు దిగుతుందేమో అనుకున్నాను. దిగలేదు. ముందు సీట్లో కూర్చుని ఆధార్ కార్డు తీసి అక్కకు చూపించింది. "కరీంనగర్ ఒకటి కొట్టు. బియ్యం వండినంక తినే వస్త."

అక్క నా దగ్గర మిషన్ తీసుకుని మెడలో వేసుకుంది, అవ్వకు టికెట్ కొట్టింది. నడుముకు ఒడిబియ్యం మూటతోనే బస్సు చివరిదాకా నడిచి కొత్తగా ఎక్కినవాళ్లకు టికెట్లు కొట్టింది. ప్రతి స్టాప్‌లో ఎక్కినవాళ్లు ఆ మూట చూశారు. ఆమె దాన్ని దాచుకోలేదు.

కరీంనగర్ బస్టాండులో చీకటి పడుతుండగా దిగాం. మెట్ల దగ్గర అవ్వను పట్టుకుందామని చెయ్యి చాచాను. అవ్వ రెండు చేతులతో కొంగు పట్టుకుని, మోచేత్తో నన్ను పక్కకు తోసింది.

"జర జరుగు బిడ్డా. ఒడి నిండ ఉన్నది."