రాయిని కూడా అడిగిన లెక్క

పెదనాన్న పోయాడని పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నేను నరసరావుపేటలో నా ఆఫీసులో ఆయన బట్టీ కరెంటు బిల్లులే ముందేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నం తిని మంచం మీద నడుం వాల్చాడట. టీ ఇద్దామని లేపితే లేవలేదట. "సరే పెద్దమ్మా, వస్తున్నా" అన్నాను. ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న బిల్లులోని యూనిట్లు కంప్యూటర్లో ఎక్కించి, సేవ్ చేసి, అప్పుడు లేచాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలియదు. పిడుగురాళ్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎండలో మిరప చేలు చూసుకుంటూ వెళ్లాను. ఏడుపు రాలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్న ఈ రోజుకీ రాలేదు.

పెదనాన్నకు పిడుగురాళ్ల శివార్లలో పక్కపక్కనే రెండు సున్నపు బట్టీలు. పైనుంచి ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు పోస్తారు, కింద నుంచి కాలిన రాయి తీస్తారు. వాళ్లకు పిల్లలు లేరు. నేను చిన్న వ్యాపారాలకు జీఎస్టీ లెక్కలు చూసేవాణ్ణి కాబట్టి ఆయన లెక్కలూ నావే, ఆయన తిట్లూ నావే.

బట్టీకి ఎవరొచ్చినా, చుట్టమైనా బ్యాంకు ఆఫీసరైనా, "ముందు చేతులు తుడుచుకో" అనేవాడు. తడి చేత్తో కాలిన రాయి పట్టుకుంటే చర్మం మండిపోతుంది. తుడుచుకున్నాక ఒక చేతిలో పచ్చి రాయి, రెండో చేతిలో అంతే సైజున్న కాలిన రాయి పెట్టేవాడు. రెండోది దాదాపు సగం బరువే ఉండేది. "మిగతా బరువు ఏమైంది, చెప్పు?" అనేవాడు. కాలిపోయిందని చెప్తే, "కాలితే బూడిద ఉండాలిగా, ఏదీ?" అని నవ్వి, చూపుడు వేలు ఆకాశానికి ఎత్తేవాడు. రాయిలోంచి బరువు గాలిలోకి పోతుందన్న సంగతి అక్కడ బట్టీల మీద బతికే అందరికీ తెలుసు. ఆయనకు మాత్రం చెప్పిందే చెప్పడం సరదా. నాకైతే విసుగొచ్చేది.

పోయిన ఏడాది, మా సున్నం ఎక్కువగా కొనే హైదరాబాదు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. సరుకిచ్చే ప్రతి చిన్న వ్యాపారీ తన దగ్గర్నుంచి గాలిలోకి ఎంత కార్బన్ పోతోందో అంచనా కట్టి పంపాలట. నెట్‌లో అందుకు లెక్కకట్టే సాధనాలు చాలా ఉన్నాయి, ఏది వాడినా సరేనట. తక్కువ చూపించినవాళ్లకు ఆర్డర్లలో ముందు వరస. ఆ ఆర్డరు తగ్గితే రెండు బట్టీల్లో ఒకటి ఆర్పుకోవాల్సిందే, దాని మీది కూలీలు ఇళ్లకు పోవాల్సిందే.

ఉచితంగా దొరికేవి మూడు పట్టుకొచ్చాను. పెదనాన్న కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చున్నాడు. ఊళ్లో లారీలు తూచే కాటా కొత్తది పెట్టినప్పుడల్లా, ముందే బరువు తెలిసిన లారీని ఎక్కించి చూస్తే గానీ ఆయన దాన్ని నమ్మేవాడు కాదు. "వీటిక్కూడా అదే చేద్దాం. ఒకే నెల లెక్క మూడింట్లోనూ పెట్టు. ఏది ఏమంటదో చూద్దాం" అన్నాడు.

మొదటిది విమానాల్లో ఎంత దూరం తిరిగారు, చలికాలం ఆఫీసును వెచ్చబెట్టుకోవడానికి గ్యాసెంత వాడారు అని అడిగింది. "పిడుగురాళ్లలో వెచ్చబెట్టుకోవడమేందిరా? మే నెలలో ఒకసారి రమ్మను ఆ రాసినోణ్ణి!" అన్నాడు పెదనాన్న. రెండోదానికి ఈ గొడవలేమీ లేవు. దేనికి ఎన్ని రూపాయలు ఖర్చుపెట్టారో చెబితే చాలు, చిటికెలో అంకె ఇచ్చేసింది. పని తేలికని నాకది నచ్చింది. ఆయన కాసేపు చూసి, "బొగ్గు రేటు పెంచి కొట్టు" అన్నాడు. కొట్టాను. కార్బన్ అంకె కూడా పెరిగింది.

"బొగ్గు అంతే, బట్టీ అంతే. రేటు పెరిగితే పొగ పెరుగుద్దా? ఇది లెక్క కాదురా, జాతకం!"

మూడోది నన్ను విసిగించింది. బొగ్గు టన్నుల్లో, డీజిలు లీటర్లలో, కరెంటు యూనిట్లలో అడిగింది. చివర్లో, బట్టీలో పోసిన సున్నపురాయి ఎంత అని విడిగా అడిగింది. పెదనాన్న కుర్చీలో ముందుకు జరిగాడు. "రాయిని అడిగిందిరా!" అన్నాడు. ఆయన అంత సంబరపడటం నేను అరుదుగా చూశాను. రాయిలోంచి గాలిలోకి పోయే కార్బన్ కూడా కలిసింది కాబట్టి, వచ్చిన అంకె మాత్రం మిగతా రెండింటి కంటే చాలా ఎక్కువ.

"కంపెనీవాళ్లు ఏదైనా సరే అన్నారు పెదనాన్నా. పక్క బట్టీల వాళ్లు రెండోదాంట్లోనే పెడుతున్నారు. మనకెందుకిది?" అన్నాను.

"లారీలో ఉన్న రాయిని కాటా చూపిస్తే, తప్పు కాటాదా?"

"తప్పని కాదు. ఆర్డరు పోద్ది."

టీ తెప్పించుకుని, సాసరులో పోసుకుని నిదానంగా తాగాడు. తాగాక, "మూడోదాంట్లోనే పెట్టు" అన్నాడు.

ఆయన్ని మహానుభావుణ్ణి చేయడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆ సాయంత్రమే, సరుకు మోసే లారీల డీజిలు దగ్గర నాతో పోట్లాడాడు. "లారీ మనది కాదు. దాని పొగ మనదెట్టా అవుద్దిరా?" అన్నాడు. సరుకు మనదేగా అంటే, నాకు చదువు ఒంటబట్టలేదన్నాడు. ఆయన వద్దంటున్నా నేను ఎక్కించేశాను. కొన్నాళ్లు మొహం ముడుచుకుని తిరిగి, ఆ తర్వాత పెద్దమ్మ చేత పండుమిరప పచ్చడి పంపించాడు. ఆయన రాజీకి రావడమంటే అదే.

నేను భయపడ్డట్టే అయింది. ఆర్డరులో సగం పక్కవాళ్లకు పోయింది. రెండో బట్టీ ఆరిపోయింది. చల్లబడ్డ గోడకు చెయ్యి ఆనించి నిలబడి, "తప్పు చేశానంటావా?" అని అడిగాడు. తనే మళ్లీ, "తలా ఒక కాటా ఎక్కించి ఎవడు తేలికో ఎట్టా చెప్తారురా? అందరినీ ఒకే కాటా ఎక్కించమని కంపెనీవాళ్లకి రాయి" అన్నాడు. రాశాను. ఆలోచిస్తామని జవాబొచ్చింది.

ఆయనకు కొరివి నేనే పెట్టాను. చితి అంటుకున్నాక, ఈ కట్టెల బరువెంత ఉంటుంది, కార్బన్ లెక్కలో దీన్ని ఏ గడిలో వేయాలి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా వేయలేదు. లోపల ఏదీ కదలడం లేదు.

ఆ మధ్యాహ్నమే కంపెనీ నుంచి ఫోన్. విషయం తెలిసి అయ్యో అన్నారు. ఈ ఏడాది లెక్కకు గడువు దగ్గర పడిందని, వీలు చూసుకుని పంపమని మెత్తగానే చెప్పారు. "ఈసారి కూడా ఏ సాధనమైనా పర్వాలేదండీ" అన్నారు. గోడకు ఆనుకుని కూర్చున్న పెద్దమ్మ నా వైపు చూసింది.

"పెద్దమ్మా, బట్టీ ఇక నీది. పక్కవాళ్లు వాడేదాంట్లో పెడితే పోయిన ఆర్డరు మళ్లీ రావచ్చు. పెదనాన్నదాంట్లో పెడితే ఉన్న సగం కూడా పోవచ్చు" అన్నాను.

"ఆయనది రాయిని అడిగేదేగా?"

"అవును."

"దాంట్లోనే పెట్టు. ఉన్న బట్టీ కూడా ఆరితే ఆరుద్ది." కొంగు సర్దుకుని, "లారీలు కూడా కలుపు. పోట్లాడటానికి ఆయన లేడుగా" అంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది. నేను పక్కనే కూర్చుని అంకెలన్నీ ఎక్కించి పంపేశాను. కంపెనీ ఏమంటుందో ఇంకా తెలియదు.

చితి చల్లారాక అస్థికలు ఏరి కుండలో పెట్టారు. నేను స్నానం చేసి తడి పంచెతో నిలబడ్డాను. పంతులుగారు కుండ అందించబోతుంటే ఆగమన్నాను. పక్కనున్న మా నాన్న భుజం మీద తువ్వాలు తీసుకున్నాను.

"తడి చేతుల్తో పట్టుకోవచ్చు నాయనా, ఫరవాలేదు" అన్నారు పంతులుగారు.

అయినా ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాను. తుడుచుకుని కుండ అందుకున్నాను. పెదనాన్న భారీ మనిషి, కూర్చుంటే నులక మంచం కిందికి దిగిపోయేది. కుండ నా రెండు చేతుల్లో ఉందో లేదో అన్నట్టుంది. మిగతా బరువు ఏమైందని నన్నెవరూ అడగలేదు. అడగకపోయినా తలెత్తి పైకి చూశాను. ఎండ తప్ప ఏమీ కనపడలేదు.